లేకుంటే పెట్టె

గంటసేపు వెళ్ళివచ్చే మనిషికి ఇంత సంచి ఎందుకని సీతారావమ్మ నవ్వుతూనే ఉంది. నేను సర్దుతూనే ఉన్నాను. మంచినీళ్ళ సీసా, వేయించిన వేరుశనగపప్పు, బీపీ మాత్రలు, తువ్వాలు, ఇంకొక జత చెప్పులు, చిన్న డబ్బాలో ఎండురొయ్యల పొడి.

"రొయ్యల పొడి ఎందుకక్కా? అక్కడ రొయ్యలుండవా?"

"ఉంటాయో లేదో చూసి రమ్మనే గదే నిన్ను పంపేది."

"గంటలో వత్తాను. ఈలోపు ఆకలికి చత్తానా? ఎటూ అక్కడ చచ్చే ఉన్నానంట."

అలాంటి మాటలు నాకు పడవు. గడప దాటిన మనిషి తిరిగి కంటపడేదాకా నాకు అన్నం సహించదు. మా అమ్మ చేపల గంపతో సంతకని వెళ్ళి రాలేదు. మా ఆయన జ్వరంతో ఆసుపత్రికి వెళ్ళి రాలేదు. మా మరిది పడవెక్కి రాలేదు. అందుకే ఎవరు ఊరికి బయలుదేరినా వాళ్ళ సంచి నేనే సర్దుతాను. సంచి బరువుగా ఉంటే మనిషి తొందరగా వెనక్కి వస్తుందని నాకొక నమ్మకం.

డాక్టర్ వారిజ గారు ఆ సంచిని చేపల కాటాకు తగిలించి చూశారు. "నాలుగు కిలోలు. మూడు దాటకూడదని చెప్పాను కదమ్మా నాంచారమ్మగారూ."

చెప్పులు తీసేశాను. రొయ్యల పొడి మాత్రం తీయలేదు.

మా ఊరు కొక్కిరాయిదిబ్బ. కృష్ణ సముద్రంలో కలిసే చోట, మూడు వైపులా ఉప్పునీళ్ళతో ఉంటుంది. సీతారావమ్మ నా తోటికోడలు, నాకంటే ఏడేళ్ళు చిన్న. దిబ్బ చుట్టూ ఒకప్పుడు గడ్డి కూడా మొలవని చవుడు నేల. అందులో అరవై రెండు మంది ఆడవాళ్ళం మడ అడవిని పెంచాం. మొక్కలు వరసగా పాతితే చచ్చిపోతాయి. చేపముల్లులా కాలువలు తవ్వాలి. నడుమ వెన్నెముక లాంటి పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా ముళ్ళలా చిన్న కాలువలు. పోటుకి సముద్రపు నీరు లోపలికి వస్తుంది, పాటుకి వెనక్కి పోతుంది. వస్తూ వస్తూ తెల్లమడ విత్తనాలను తనే తెస్తుంది. ఉత్తరాన రేవు పక్కనున్న సిమెంటు ఫ్యాక్టరీ వాళ్ళు మా అడవి మీద కార్బన్ క్రెడిట్లు కొంటారు. అదేమిటని ఎవరైనా అడిగితే సీతారావమ్మ ఇలా చెబుతుంది:

"ఆళ్ళు పొగ వదుల్తారు. మా చెట్లు మింగుతాయి. మింగినందుకు మాకు జీతాలు, ఊరికో మోటారు పడవ. చెట్లకి మాత్రం ఏమీ లేదు, పాపం."

ఆ పడవే సీతారావమ్మను బతికించింది. పదేళ్ళ క్రితం నిద్రలో కట్లపాము కరిస్తే నలభై నిమిషాల్లో ఆసుపత్రిలో పడేసింది. అంతకు ముందు పడవంటే తెడ్డు పడవే.

ఇప్పుడు ఒప్పందం గడువు తీరబోతోంది. మళ్ళీ రాయించుకోవాలంటే ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఆ డబ్బు రాకపోయినా ఈ అడవి ఉండేదా? ఉండేదే అయితే క్రెడిట్లు కొనడం వల్ల గాలికి ఒరిగిందేమీ లేదు, పొగకు మాత్రం అనుమతి దొరికింది. అప్పుడు ఒప్పందం రద్దవుతుంది. జీతాలూ పడవా పోతాయి. అడవి కాపలా పోతుంది. రొయ్యల చెరువుల కోసం ఇద్దరు ఆసాములు ఇప్పటికే నేల కొలిపించుకుని వెళ్ళారు.

ఆ ప్రశ్నకు ఇన్నాళ్ళూ అందరూ అంచనాతోనే జవాబు చెప్పారు. వారిజ గారు చూసి చెప్పే యంత్రం కట్టారు. మా తుఫాను షెల్టరు పై అంతస్తులో పెట్టిన ఆ యంత్రం రెండు బీరువాలంత ఉంటుంది. ఒక తేదీ, ఒక సంగతి దానికి చెప్పాలి. ఆ తేదీన ఆ సంగతి జరగకుండా ఉంటే లోకం ఎలా ఉండేదో అందులోకి తలుపు తెరుచుకుంటుంది. మా ఆడవాళ్ళు దానికి లేకుంటే పెట్టె అని పేరు పెట్టారు. వారిజ గారు పెట్టిన పేరు పొడుగ్గా ఉంటుంది, ఆవిడే మరిచిపోతుంటారు.

పెట్టెకు మూడు షరతులున్నాయి. తలుపు గంటసేపే ఉంటుంది. ఒక తేదీకి ఒక్కసారే తెరుచుకుంటుంది, మళ్ళీ తెరుచుకోదు. ఇక మూడోది, అవతలి లోకంలో లేని మనిషినే అది లోపలికి రానిస్తుంది. ఒకే మనిషి ఒక లోకంలో ఇద్దరుగా ఉండడం దానికి కుదరదట.

వారిజ గారు అడుగు పెడితే ఎర్ర దీపం వెలిగింది. నేను పెట్టినా ఎరుపే. మా ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి పాదం పెట్టి చూశారు. సీతారావమ్మ పెట్టగానే పచ్చదీపం.

"పాము కరిచినరోజు పడవ లేదన్నమాట అక్కడ," అంది తను, ఎవరి సంగతో చెబుతున్నట్టు. "పోన్లే, అరవై రెండు మందిలో నాకొక్కదానికే పచ్చజెండా."

ఆ మొదటిసారి వెళ్ళి యాభై ఐదు నిమిషాల్లో తిరిగి వచ్చింది. నేను గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాను. తన చెయ్యి పట్టుకుని మణికట్టు తడిమి చూశాను. వెచ్చగానే ఉంది.

"అంతా ఉంది," అంది. "చెట్లు, కాలువలు, పీతలు. మనకెంత అడవుందో ఆళ్ళకీ అంతే. మా ఇంటి గోడకి నా ఫొటో దండేసి పెట్టారు, పక్కనే ఆయనది. నా ఫొటో అసలు బాలేదు. ఆ ఎర్రచీరలో తీసింది పెట్టొచ్చుగా. నువ్వు గుమ్మంలో కూర్చుని ఎవరి కోసమో దారి చూత్తన్నావక్కా. కనబడితే గుండాగి పోతావని తాటిచెట్టు చాటుకి నక్కాను."

నవ్వుతున్న వాళ్ళల్లా ఒక్కొక్కరే ఆగారు. పరిశీలన కోసం నగరం నుంచి వచ్చిన కృపానందం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన మంచివాడే. మా ఇంట్లో పీతల పులుసు తిని రెండుసార్లు వడ్డించమని అడిగిన మనిషి.

"డబ్బు రాకపోయినా అడవి పెరిగేదన్నమాట," అన్నారు. "నన్ను క్షమించండమ్మా. పెట్టె చూపించిందే నేను రాయాలి. రేపు సాయంత్రం పంపాలి."

"రాయండి బాబూ," అంది సీతారావమ్మ. "కానీ ఇంకో ముద్ద తిని రాయండి. కోపంగా ఉన్నప్పుడు నేను వంట బాగా చేత్తాను."

మర్నాడు పొద్దున్నే నేను ఒప్పంద కాగితం ముందేసుకుని కూర్చున్నాను. బడికి పోలేదు నేను. బస్సుల బోర్డులూ పొట్లం కాగితాలూ చదివి అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే కాగితమేదైనా మొదటి అక్షరం నుంచి చివరి ముద్ర దాకా చదువుతాను. ఏది ముఖ్యమో ఏది కాదో నాకెవరూ చెప్పలేదు.

పైన తేదీ ఉంది. 2032 ఏప్రిల్ 19. ఆ తేదీ చదివి కాగితం పక్కన పెట్టి, బియ్యం ఏరుతూ ఆలోచించాను. ఆ ఏప్రిల్లో కాలువల్లో ఏముంది? ఏప్రిల్ నాటికి కాలువలన్నీ తవ్వేశాం. తెల్లమడ మొక్కలు నా మోకాలి దాకా వచ్చాయి. వాటి మీద మొదటిసారి కొక్కిరాయి వాలితే ఊరంతా వచ్చి చూసింది.

కాగితం రాకముందే పని అయిపోయింది. మరి ఎవరిని నమ్ముకుని తవ్వాం?

గుర్తొచ్చింది. అంతకు ముందు ఏడాది మాఘపౌర్ణమికి హంసలదీవిలో సముద్రస్నానాలు చేసి వచ్చాం. ఆ మర్నాడు ఫ్యాక్టరీ పెద్దమనిషి వచ్చి, అడవి పెంచితే డబ్బిస్తామని మాటిచ్చి, మా రచ్చ అరుగు మీద ఆకూ వక్కా పళ్ళెంలో పెట్టి మా ఆడవాళ్ళ చేతికిచ్చాడు. తాంబూలం పుచ్చుకున్నాం. మా దిబ్బ మీద పెళ్ళయినా, పడవ అమ్మకమైనా మాట ఖాయమయ్యేది తాంబూలంతోనే. పుచ్చుకున్నాక పని మొదలెట్టకపోతే తప్పు. తెల్లారి గునపాలు పట్టుకున్నాం. కాగితం పద్నాలుగు నెలలకు వచ్చింది. దాన్ని దూలం మీద పెట్టి మరిచిపోయాం.

వారిజ గారు మొదట్లో అడిగారు, ఒప్పందం ఎప్పుడు కుదిరిందని. చదువుకున్నవాళ్ళకు కాగితం ఇష్టమని మేమే గొప్పగా దూలం మీది కాగితం దులిపి తెచ్చి చేతిలో పెట్టాం. ఆవిడ ఆ తేదీనే పెట్టెకు చెప్పారు. ఆనాటికి అయిపోయిన పనిని పెట్టె ఎలా చెరుపుతుంది?

బియ్యం చేట కింద పెట్టి షెల్టరు వైపు నడిచాను. సగం దారిలో కాళ్ళు ఆగిపోయాయి.

మా మరిది పేరు మోపిదేవి, ఆ పేరున్న ఊళ్ళో వెలసిన స్వామికి మొక్కుకుని పెట్టిన పేరు. సీతారావమ్మ భర్త. మాఘంలో తాంబూలమైతే, ఆశ్వయుజంలో మడ విత్తుల బుట్టలు పడవలో వేసుకుని అవతలి దిబ్బకు బయలుదేరాడు. నది సముద్రంలో కలిసే మొగ దగ్గర గాలి తిరిగింది. బుట్టలు తేలుతూ వచ్చాయి. మనిషి రాలేదు. ఆ తాంబూలమే లేకుంటే విత్తులూ లేవు, పడవ ప్రయాణమూ లేదు. ఆ లోకంలో మోపిదేవి బతికే ఉంటాడు.

నోరు మూసుకుని వెనక్కి వచ్చేయొచ్చు. సాయంత్రానికి కృపానందం గారి కాగితం వెళ్ళిపోతుంది. ఎవరికీ తెలియదు. అరవై రెండు కుటుంబాల జీతాలు పోతాయి, అడవి పోతుంది, నా తోటికోడలు నా పక్కనే ఉంటుంది. ఆ ఎండలో ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. కాళ్ళు కాలితే తెలిసింది, చెప్పుల్లేకుండా వచ్చానని.

ముందు సీతారావమ్మ దగ్గరికే వెళ్ళాను. కాలువలో పూడిక తీస్తోంది, నడుందాకా బురద. గట్టు మీద కూర్చుని అంతా చెప్పాను. మోపిదేవి మాట చెప్పే అవసరం రాలేదు. తాంబూలం తేదీ అనగానే తన పార ఆగిపోయింది.

"అప్పటికి ఆయనున్నాడు," అంది.

"ఉన్నాడు."

పారకంటిన బురద చేత్తో తుడిచింది. "ఆ రోజు పొద్దున కూరలో ఉప్పెక్కువైందని పళ్ళెం తోసేసి పోయాడు. పదిహేనేళ్ళ నుంచీ ఆయనకి సమాధానం చెప్పాలని నోరు దురద పెడతంది నాకు."

"సీతా, నేనీ మాట డాక్టరమ్మకి చెప్పకపోయినా..."

"చెప్పక్కా. చెట్లు నిజంగా మనయ్యి. ఎవడో కాగితం చూసి కాదంటే ఊరుకుంటామా?" పార భుజాన వేసుకుంది. "పద. ఆ కృపానందం గారు పెన్ను మూత తీసేత్తాడు."

వారిజ గారు నా మాట విని తల పట్టుకుని, వెంటనే పంచాంగం వెతికారు. "ఇన్నేళ్ళ చదువు చదివి, తాంబూలం ఎప్పుడని అడగాలని నాకు తోచలేదు," అన్నారు. కృపానందం గారు గడియారం చూసుకుని, ఇంకొక్క గంట ఆగుతానన్నారు. కొత్త తేదీకి పెట్టెను సిద్ధం చేశారు. సీతారావమ్మ పాదం పెట్టింది. పచ్చదీపమే.

నిన్నటి సంచే మళ్ళీ తన భుజాన వేశాను. ఈసారి వారిజ గారు సీతారావమ్మ నడుముకు తీగ కట్టి, మెడలో మాట్లాడే పరికరం తగిలించారు. ఏమి చూసినా వెంటనే చెప్పాలని. మణికట్టుకు పసుపు పట్టీ కట్టి, రావాలనుకున్నప్పుడు దాన్ని నొక్కమన్నారు. అందరం పెట్టె చుట్టూ చేరాం. సీతారావమ్మ లోపలికి అడుగుపెట్టింది.

"షెల్టరు డాబా మీదున్నాను," అంటూ తన గొంతు వచ్చింది. "అక్కా, ఇక్కడ అడవి లేదు. ఎటు చూసినా తెల్లగా చవుడే. పల్లపు వీధి మొత్తం లేదు, నీళ్ళు తీసుకుపోయినట్టున్నాయి. తూర్పున నాలుగు రొయ్యల చెరువులు. చెట్లు లెక్కపెట్టనా? అక్కడక్కడా ఏటి మూలనున్నాయి. పంతొమ్మిది."

మా వైపు రెండు లక్షల పైచిలుకు. కృపానందం గారు ఆ అంకె రాసుకుని కింద గీత గీశారు. మా ఆడవాళ్ళు ఒకరినొకరు గిల్లుకున్నారు.

"ఇంకో సంగతి," అంది సీతారావమ్మ. "ఉత్తరాన ఫ్యాక్టరీ కనబడతంది. పొగగొట్టం ఒకటే ఉంది."

"ఒకటా?" అన్నారు వారిజ గారు. "సరిగ్గా చూడండి. రెండుండాలి."

"నాకు కళ్ళు బానే ఉన్నాయమ్మా. ఒకటే."

వారిజ గారు కుర్చీలో వెనక్కి వాలారు. మాకు విడమరిచి చెప్పారు. రెండో గొట్టం కట్టుకోవడానికి ఫ్యాక్టరీకి అనుమతి వచ్చింది మా చెట్లను చూపించాకే. చెట్లు లేని చోట రెండో గొట్టం కట్టనివ్వలేదు. ఆవిడ వేళ్ళ మీద లెక్కవేసి, మా అడవి మింగేది రెండో గొట్టం వదిలే పొగలో మూడో వంతేనని తేల్చారు.

"అంటే మంచి జరిగిందా, చెడు జరిగిందా?" అని అడిగాను.

"అడవి నిజం. పొగ కూడా నిజం," అన్నారు ఆవిడ. "రెండూ రాయాలి."

"రాస్తాను," అన్నారు కృపానందం గారు. "ఇప్పటిదాకా నేను చెట్లే లెక్కపెట్టాను, గొట్టాలు ఎప్పుడూ లెక్కపెట్టలేదు."

పరికరంలోంచి మెట్లు దిగుతున్న చప్పుడు వచ్చింది. తరువాత ఇసుకలో నడక. తరువాత ఏమీ లేదు.

"సీతా," అని పిలిచాను.

"గట్టు మీద ఎవరో వల బాగుచేత్తన్నారక్కా."

ఒక మగగొంతు వినిపించింది, దగ్గుతో. "ఎవరమ్మా? ఏ ఊరు?"

"ఏ ఊరంటావేంది? పెళ్ళాన్ని గుర్తుపట్టలా?"

వల ఇసుకలో పడిన చప్పుడైంది. తరువాత ఆ గొంతే, చిన్నగా: "నువ్వు చచ్చిపోయావు గదా."

"నేనెక్కడ చచ్చాను? చచ్చింది నువ్వు."

"నేనా? నేను పొద్దున్నే చద్దన్నం తిని వచ్చాను."

"చద్దన్నంలోకి ఏం తిన్నావు?"

"ఏముంది, ఉప్పు."

"అదీ అలవాటైందన్నమాట. ఉప్పెక్కువైందని పళ్ళెం తోసేసిన మొగోడివి."

మా గదిలో ఎవరో పకాలున నవ్వి, చీర కొంగు నోట్లో కుక్కుకున్నారు. అవతల మోపిదేవి నవ్వాడో ఏడ్చాడో నాకు తెలియలేదు. ఆ రెండింటికీ వాడి గొంతు ఒకేలా ఉంటుంది, చిన్నప్పటి నుంచీ.

"పదిహేను నిమిషాలున్నాయి," అన్నారు వారిజ గారు, నెమ్మదిగా. పరికరం నా చేతికి ఇచ్చారు.

నేను మనుషులను వెనక్కి పిలవడంలో చాలా అనుభవం ఉన్నదాన్ని. రేవులో నిలబడి పిలిచాను, ఆసుపత్రి వరండాలో పిలిచాను. ఇప్పుడు చేతిలో తీగ ఉంది, అవతలి మనిషికి వినబడుతుంది కూడా. రావే అంటే వచ్చేస్తుంది. అది నా మాట ఎప్పుడూ తీసెయ్యలేదు.

"వాడు చిక్కిపోయాడా?" అని అడిగాను.

"పుల్లలా ఉన్నాడక్కా. దగ్గు కూడా. చొక్కాకి బొత్తాలు లేవు."

"మందులెవరు చూత్తన్నారు?"

"ఎవరు చూత్తారు? నువ్వే అన్నం పెడతన్నావంట. నాంచారొదినే లేకపోతే ఎప్పుడో పోయేవాణ్ణంటున్నాడు." గొంతు తగ్గించింది. "ఇక్కడా నువ్వున్నావు గదక్కా. గుమ్మంలో."

"నేనుంటాను. కానీ అది నేను కాదు గదే."

"తెలుసు."

పక్కన వారిజ గారు కళ్ళు తుడుచుకుంటున్నారు. పట్టీ నొక్కమని చెప్పడానికి ఇంకా వీలుంది.

"సంచిలో రొయ్యల పొడుంది," అన్నాను. "వాడికి ఇష్టం. ముందు మాత్రం ఆ ముసల్దాని దగ్గరికి వెళ్ళు. ఉన్నట్టుండి ఎదురుపడకు, దూరం నుంచి పిలు. గుండె నీరసం దానికి. పిలిచి, దగ్గరికెళ్ళి, చెయ్యి పట్టుకోనియ్యి. వెచ్చగా ఉందో లేదో చూసుకుంటుంది."

"అట్టాగే," అంది. "అక్కా, కాలవ మూడో ముల్లు దగ్గర పూడిక సగమే తీశాను. ఎవరినన్నా చూడమను."

"చూత్తారులే."

"ఇక్కడ చవుట్లో నేను మళ్ళీ మొదటి నుంచీ తవ్వాల. ఈయన చేత తవ్విత్తాను. ఎంత కాలమైనా తాంబూలం అడగను, జీతం అడగను. ఆ రెండో గొట్టం మాత్రం లెగనివ్వను."

వెనక నుంచి మోపిదేవి, "ఎవరితో మాట్టాడతన్నావు?" అన్నాడు. "మీ వదినతో," అంది. "వదిన ఇంట్లో ఉందిగా," అన్నాడు. ఆ తరువాత తీగలో గరగరమని చప్పుడు, అంతే.

కృపానందం గారు ఆ సాయంత్రం రెండు పేజీలు పంపారు, ఒకటి అడవి గురించి, ఒకటి గొట్టం గురించి. నాలుగు నెలలు వాదనలు జరిగాయి. చివరికి మా ఆడవాళ్ళం అరుగు మీద కూర్చుని ఒకే మాట మీద నిలబడ్డాం. రెండో గొట్టం ఆపినవాళ్ళకే మా చెట్లు, ఆపనివాళ్ళకు కాదు. ఫ్యాక్టరీ వాళ్ళు ఆ గొట్టం ఆపేసి పొగలేని పొయ్యికి మారడానికి మూడేళ్ళు గడువు అడిగారు. ఒక్క ఏడాదిచ్చాం. ఈసారి కాగితం ముందు, తాంబూలం తరువాత. వారిజ గారు పట్టుబట్టి తాంబూలం తేదీ కూడా కాగితంలో రాయించారు, నాలుగు చోట్ల. ఆకూ వక్కా పంచిన రోజు మా వాళ్ళు ఆవిడ చేత కాలువలో పార పట్టించారు. ఆవిడ మొదటి వేటుకే బురదలో కూలబడితే దిబ్బంతా నవ్వింది. నేనూ నవ్వాను.

మూడో ముల్లు దగ్గర పూడిక నేనే దగ్గరుండి తీయించాను.

సీతారావమ్మ తిరిగి రాలేదు. ఎప్పుడైనా పెట్టెకు చెప్పాల్సివస్తే ఈసారి తేదీ తప్పకూడదని రాసిపెడుతున్నాను: తలుపు మూసుకున్నది 2046 ఫిబ్రవరి 15, గురువారం, మధ్యాహ్నం పన్నెండు గంటల పది నిమిషాలకు.